ఒక్కసారిగా మానొద్దు, బండి మాత్రం ఈ రోజే ఆపండి

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ఒక ఊరు. నాకు 38 ఏండ్లు. మిర్చి ఏరుడు, పత్తి ఏరుడు సీజన్ల పొద్దుగాల కూలోళ్లను జీపుల తోటలకు తోలుకపోత. పదిహేనేండ్ల సంది తాగుతున్న. మా జిల్లాల మందు బంద్ కాబట్టి పొద్దుగూకంగ గోదావరి బ్రిడ్జి దాటి అవతలి తెలంగాణ ఒడ్డుకు పోయి హాఫ్ తాగి, బండి మీద ఇంటికి వస్త. పైసలు లేని రోజు ఊర్లెనే ఇప్పసారా. మొన్న శివరాత్రికి మొక్కుకొని ఒక్కసారే బంద్ పెట్టిన. మొదటి రోజే చేతులు వణికినయ్, చెమటలు పట్టినయ్. రెండో రోజు ఫిట్స్ వచ్చి పడిపోయిన. గాలి సోకిందని పూజారి దగ్గరికి తీసుకపోయిండ్రు. మళ్లా తాగితే అన్నీ సర్దుకున్నయ్. అప్పటి సంది మానాలంటేనే భయమైతుంది. నా బిడ్డకు పదకొండేండ్లు. నా బండి సప్పుడు వినంగనే పుస్తకాలు తీసుకొని పక్కింటికి పోతదట. నా భార్య ఎవరో చెప్తే ఏదో పొడి కూరల కలుపుతున్నదని నాకు అనుమానం. అందరు ‘మానెయ్, లేకుంటే సస్తవ్’ అంటరు. మానుడు నాతోని అయితదో కాదో తెల్వది. ఈలోపు నాకూ, నా వాళ్లకూ నష్టం తక్కువయ్యే తొవ్వ ఏమన్న ఉన్నదా?

సమాధానం: ఉంది తమ్ముడూ. మానడమా, చావడమా అన్న రెండు మాటల మధ్య చాలా చోటుంది. మీరు ఆ చోటు గురించి అడిగారు, అది సరైన ప్రశ్న. కానీ దానికంటే ముందు శివరాత్రి నాడు జరిగింది మీకు అర్థం కావాలి. మీ భయమంతా అక్కడే పుట్టింది.

మీకు సోకింది గాలి కాదు. ఆల్కహాల్ మెదడును మందగింపజేస్తుంది. రోజూ ఆ మత్తు పడుతుంటే మెదడు ఊరుకోదు, దాన్ని తట్టుకుని పనిచేయడానికి తన వేగం తాను పెంచుకుంటుంది. ఏళ్ల తరబడి అలా పెంచుకున్నాక మీరు ఒక్కరోజులో మందు తీసేస్తే, అణిచిపెట్టేది పోతుంది, పెంచుకున్న వేగం మాత్రం మిగిలిపోతుంది. చివరి గ్లాసు దిగిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో వణుకు, చెమట, గుండెదడ, నిద్రలేమి మొదలవుతాయి. రెండు రోజులు నిండేలోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. ఎక్కడున్నారో తెలియదు, గోడల మీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తాయి, ఒళ్లు కాలిపోతుంది. చికిత్స లేకపోతే దీంతో ప్రాణం పోవచ్చు. మళ్లీ తాగగానే మీకు తగ్గిపోయింది కాబట్టి మందు మీకు పడుతుందని, మానడం పడదని అనుకుంటున్నారు. పడనిది మానడం కాదు. దవాఖాన లేకుండా ఒక్కసారిగా మానడం పడదు.

ఒకసారి ఇలా ఫిట్స్ వచ్చినవారికి, మళ్లీ ఒక్కసారిగా ఆపితే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని మొక్కులు, ఒట్లు, మాలలు ఏవైనా సరే, వాటి కోసం మీ అంతట మీరు మందు ఆపొద్దు. దేవుడి మీద గౌరవంతోనే చెబుతున్నాను, కాళేశ్వరం ముక్తీశ్వరుడి దగ్గరకు మీరు డాక్టర్ని కలిసి వచ్చాక వెళ్లినా ఏమీ కాదు. చికిత్స మొదలయ్యేదాకా ఇప్పుడు తాగే దానికి మించి ఒక్క చుక్క పెంచొద్దు, ఒక్కసారిగా సున్నాకూ దించొద్దు. ఎవరో చెప్పిన లెక్కతో సగానికి సగం తగ్గించే ప్రయోగం కూడా మీకు వద్దు. ఫిట్స్ రాని మనిషికి నెమ్మదిగా తగ్గించుకోమని చెబుతాం. మీ విషయంలో ఆ తగ్గించే పని మందుల అండతో, డాక్టరు కళ్ల ముందే జరగాలి. ఈలోపు ఏ కారణంతోనైనా మందు దొరక్క వణుకు మొదలైతే, పూజారి కోసం కాదు, 108 కోసం ఫోన్ చేయమని ఇంట్లో చెప్పి ఉంచండి.

డాక్టరు దగ్గరకు వెళ్లాలంటే మీలాంటి వారికి ఇంకో భయం కూడా ఉంటుంది, మీరు రాయకపోయినా నాకు తెలుసు. గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. తాగానని చెబితే కేసవుతుందేమోనని జనం డాక్టరు దగ్గర కూడా నోరు విప్పరు. ఆ నిషేధం ఊరికే రాలేదు, ఆ జిల్లా ఆడవాళ్లూ ఊళ్లూ కొట్లాడి తెచ్చుకున్నది. ఇటు మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా మీద తిరగబడిన రోజులూ అవే. నేను ఆ ఆడవాళ్ల పక్షమే. అయితే నిషేధం వల్ల చికిత్స అవసరమైన మనిషి దాక్కోవలసి వస్తే అది ఆ ఆడవాళ్లు కోరుకున్నది కాదు. తాగుడుకు వైద్యం కోసం వచ్చిన మనిషిని పోలీసులకు పట్టించడం డాక్టరు పని కాదు. మీరు చెప్పింది రహస్యంగా ఉంచడం ఆయన బాధ్యత. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కూడా అదే చెబుతోంది.

కాబట్టి సిరోంచ సర్కారు దవాఖానకు వెళ్లి దాచకుండా చెప్పండి. ‘రోజూ హాఫ్ తాగుతాను, అప్పుడప్పుడు ఇప్పసారా, శివరాత్రికి ఆపితే రెండో రోజు ఫిట్స్ వచ్చాయి, చికిత్స కావాలి’. ఈ ఒక్క వాక్యం చాలు. ఫిట్స్ మాట మాత్రం తప్పకుండా చెప్పాలి, మిమ్మల్ని ఇంటికి పంపాలా, చేర్చుకోవాలా అన్నది దాని మీదే ఆధారపడుతుంది. నా అభిప్రాయం అడిగితే, మిమ్మల్ని చేర్చుకునే చోటికే వెళ్లాలి. గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల పైమాటే కాబట్టి మీ వైపు వాళ్లు మంచిర్యాలకో వరంగల్‌కో వెళుతుంటారు, మీరూ వెళ్లొచ్చు, రాష్ట్రం మారినంత మాత్రాన వైద్యం మారదు. డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్‌ల ‘సర్చ్’ సంస్థ, ప్రభుత్వం కలిసి 2016లో మొదలుపెట్టిన ముక్తిపథ్ కార్యక్రమం గడ్చిరోలి తాలూకాల్లో తాగుడు, పొగాకు మాన్పించే పని చేస్తోంది. మీ తాలూకాలో వాళ్లు ఎప్పుడు ఎక్కడ కూర్చుంటారో ఆశా కార్యకర్తను అడగండి. ఫోన్‌లో మాట్లాడాలంటే మత్తు విముక్తికి 14446, మనసు బాగాలేనప్పుడు టెలి మానస్ 14416, రెండూ ఉచితం. టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు.

అక్కడ ఏం చేస్తారో ముందే తెలిస్తే బెరుకు తగ్గుతుంది. మందు ఆపిన మొదటి వారం వణుకు, ఫిట్స్ రాకుండా క్లోర్‌డయజెపాక్సైడ్ లాంటి మాత్రలు ఇచ్చి రోజురోజుకూ తగ్గిస్తారు. కాలేయం బాగా దెబ్బతిని ఉంటే దానికి తగిన వేరే మాత్ర వాడతారు. ఆ మాత్రల మీద మందు తాగితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. దాంతో పాటు బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఈ బి1 గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తాగేవారి ఒంట్లో అది అడుగంటి ఉంటుంది. ఊళ్లో నీరసమని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకోవడం మనకు అలవాటు. బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ మాత్రమే ఎక్కిస్తే మిగిలిన కొంచెమూ ఖర్చయిపోయి, నడక తడబడి, చూపు చెదిరి, జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ‘నేను రోజూ తాగుతాను, ముందు బి1 ఇవ్వండి’ అని మీరే అడగండి.

ఆ వారం గడిచాక తాగాలనే గుంజుడు తగ్గించే మాత్రలు ఉన్నాయి. నాల్‌ట్రెక్సోన్ తాగినా కిక్కు అంతగా ఎక్కనివ్వదు, అందుకే పూర్తిగా మానలేనివారికి తగ్గించుకోవడంలో కూడా సాయపడుతుంది. అకాంప్రోసేట్ మానినవారు మళ్లీ జారకుండా నిలబెడుతుంది. కాలేయం, కిడ్నీ పరీక్షలు చూసి ఏది మీకు సరిపోతుందో డాక్టరు తేలుస్తారు. పట్టుదల లేని మనిషికి మందులెందుకని మీ చుట్టూ ఉన్నవాళ్లు అనొచ్చు. బీపీకి, షుగర్‌కు మాత్ర వేసుకునేవాణ్ణి ఎవరూ పట్టుదల లేనివాడనరు.

ఇక కూరలో కలిపే పొడి. దీన్ని మీ భార్య మీ మీద ప్రేమతోనే చేస్తున్నారు, కోప్పడకండి. కానీ ఇది ఈ రోజే ఆగాలి. ‘తాగేవారికి తెలియకుండా మాన్పిస్తాం’ అని అమ్మే పొడుల్లో ఏముందో ఎవరికీ తెలియదు. కొన్నిట్లో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా మందు పడితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె బలహీనంగా ఉంటే మనిషి చనిపోవచ్చు. డైసల్ఫిరామ్ నిజమైన మందే, కొందరికి పనికొస్తుంది కూడా. అది వేసుకునే మనిషికి తెలిసి, ఒప్పుకుని, పరీక్షలు చేయించుకుని వాడాల్సినది. తెలియకుండా పెడితే అది విషప్రయోగంతో సమానం. పైగా వాంతుల భయంతో మీరు ఒక్కసారిగా తాగడం ఆపేస్తే మళ్లీ ఫిట్స్ గండం. ఆ పొట్లం పారేయకుండా డాక్టరుకు చూపించండి. అక్కా, ఈ ఉత్తరం మీరూ చదువుతుంటే, ఆ పొడికి పెట్టే డబ్బు ఆయన బస్సు ఛార్జీకి పెట్టండి.

ఇప్పుడు ఎక్కువ గట్టిగా చెప్పాల్సిన చోటికి వస్తున్నాను. మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన రెండు మాటలు నన్ను భయపెట్టాయి. బ్రిడ్జి దాటి తాగి బండి మీద రావడం ఒకటి, పొద్దున్నే జీపులో కూలీలను ఎక్కించుకోవడం రెండోది.

లెక్క చూడండి. 30 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. క్వార్టర్ అంటే 180 మి.లీ., అంటే ఆరు చిన్న పెగ్గులు, 60 గ్రాములు. హాఫ్ అంటే 375 మి.లీ., 125 గ్రాములు. బీరే కదా అనుకునేవాళ్లకు కూడా చెబుతున్నాను, 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 40 గ్రాములుంటుంది, అది నాలుగు పెగ్గులకు సమానం. కాలేయం గంటకు కరిగించేది దాదాపు ఒక చిన్న పెగ్గు. అలవాటైన ఒంట్లో కాస్త త్వరగా కరగొచ్చు, అంతే. మీరు రాత్రి ఎనిమిదింటికి హాఫ్ ముగిస్తే, అది పూర్తిగా కరగడానికి పన్నెండు గంటలు పట్టొచ్చు. మీరు కూలీల ఇళ్ల ముందు హారన్ కొట్టేది పొద్దున ఐదింటికో ఆరింటికో కదా? అప్పటికి మీ రక్తంలో చట్టం ఒప్పుకునే 100 మి.లీ.కు 30 మిల్లీగ్రాముల హద్దుకు పైనే ఉండే అవకాశం ఎక్కువ. మీకు మత్తుగా అనిపించదు, అలవాటైన మెదడు కదా. కానీ బ్రేక్ తొక్కాల్సిన కాలు ఆలస్యం చేస్తుంది. వెనక కూర్చున్న ఆడకూలీలకు ఈ లెక్క తెలియదు. వాళ్లు మీ మీద నమ్మకంతో ఎక్కుతారు. నిమ్మకాయ, మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం ఇవేవీ కాలేయం వేగాన్ని పెంచవు. నిద్రమత్తు వదిలించి, ‘నేను బాగానే ఉన్నాను’ అనే ధైర్యం మాత్రం ఇస్తాయి, అదింకా ప్రమాదం.

కాబట్టి చికిత్స పూర్తయి డాక్టరు సరే అనేవరకు జీపు స్టీరింగు ఇంకొకరికి ఇవ్వండి. మీకు తెలిసిన డ్రైవరుకు రోజు కూలి ఇస్తే మీ ఆదాయం తగ్గుతుంది. నాకు తెలుసు, సీజన్లో అది చిన్న మాట కాదు. అయినా ఇది బేరం పెట్టే విషయం కాదు తమ్ముడూ. తాగి నడిపితే మొదటిసారి పట్టుబడ్డా మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడతాయి. అది చిన్న నష్టం. పదిమంది ఉన్న జీపు బోల్తా పడితే కలిగేది మీరు తీర్చగలిగే నష్టం కాదు.

సాయంత్రం సంగతి. నిషేధం ఉన్న చోట ఒక చెడు అలవాటు తయారవుతుంది. ఇటు తెచ్చుకుంటే పట్టుకుంటారని, అవతలే నిలబడి, ఖాళీ కడుపున, గబగబా గొంతులో పోసుకుని వెంటనే బండెక్కుతారు. తాగిన వెంటనే బాగానే ఉన్నట్టుంటుంది. కడుపులోది రక్తంలోకి ఎక్కేది మీరు సరిగ్గా గోదావరి మీద ఉన్నప్పుడు. సీసా ఇటు తెచ్చుకోమని నేను చెప్పలేను, చట్టం ఒప్పుకోదు. చెప్పగలిగింది ఇది. బండి ఇంట్లోనే వదిలి వెళ్లండి, తాళం చెవి భార్య చేతిలో పెట్టి. తాగని మనిషి నడిపే బండి మీదో, బస్సు మీదో వెళ్లి రండి. తిరుగు ప్రయాణానికి ఏ దారీ లేని రోజు అవతలి ఒడ్డున చుట్టాల ఇంట్లో పడుకోండి. తాగాక తెలివైన నిర్ణయం తీసుకుంటామనుకోవద్దు, ఎలా తిరిగిరావాలో బయల్దేరకముందే తేల్చుకోవాలి. బయల్దేరేముందు అన్నం తినండి. కొంచెం కొంచెంగా, నీళ్లు కలిపి, మధ్యలో నీళ్లు తాగుతూ తాగండి. మీ పక్కన తాగే స్నేహితులకు కూడా ఇవి చెప్పండి. రోజూ తాగనివాళ్లయితే వాళ్లు రేపటి నుంచే తగ్గించుకోవచ్చు, వారంలో కొన్ని రోజులు అసలు ముట్టకుండా ఉండొచ్చు, వాళ్లకు మీకున్న ఫిట్స్ గండం లేదు.

తాగి నదిలోకి దిగొద్దు. చేపల వలకైనా, స్నానానికైనా, ప్రాణహితలోకైనా, గోదావరిలోకైనా.

ఇప్పసారా గురించి. మా తాతల నాటి నుంచి తాగుతున్నాం, మాకేం కాలేదు అంటారు. పండుగకు ఇంట్లో ఇప్పపువ్వుతో కాచుకున్నది వేరు, ఎవరో ఎక్కడో కాచి ప్యాకెట్లలో అమ్మేది వేరు. ఎక్కువ కిక్కు కోసం యూరియా, ఇంకా ఏవేవో వేస్తారు. అన్నిటికంటే ఘోరం మిథైల్ ఆల్కహాల్, ఫ్యాక్టరీల్లో వాడే స్పిరిట్. అది కలిసిందో లేదో వాసనతో, రుచితో, నిప్పు పెట్టి మంట రంగు చూసి చెప్పలేరు. చాలా కొంచెంతోనే కళ్లు పోతాయి, ఇంకొంచెంతో ప్రాణం పోతుంది. మోసమేమిటంటే అది వెంటనే తెలియదు. సగం రోజు, ఒక్కోసారి రోజంతా గడిచాక కడుపునొప్పి, వాంతులు, కళ్లముందు పొగమంచు కమ్మినట్టు చూపు మసకబారడం, ఆయాసం మొదలవుతాయి. హ్యాంగోవర్ అని పడుకుంటే ఆలస్యమైపోతుంది. దీనికి విరుగుడు వైద్యం ఉంది, త్వరగా చేరిన వాళ్లను కాపాడగలరు. ఒకే చోట తాగిన ఇద్దరికి చూపు మసకబారిందంటే, అక్కడ తాగిన వాళ్లందరినీ, బాగానే ఉన్నవాళ్లతో సహా, దవాఖానకు తీసుకెళ్లాలి. అమ్మినవాణ్ణి కాపాడాలని దాచిపెట్టొద్దు.

ఇంకో మాట, ‘మందు బదులు కల్లుకు మారుతా, అది చల్లన’ అని కొందరంటారు. చెట్టు కింద తాజాగా దింపిన కల్లు సంగతి ఎలా ఉన్నా, దుకాణాల్లో అమ్మే కల్లులో ఆల్ప్రజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కేసులు తెలంగాణలో ఎన్నోసార్లు బయటపడ్డాయి. అవి కలిసిన కల్లు ఒక్కసారిగా ఆపినా ఇదే వణుకు, ఇవే ఫిట్స్, పిచ్చిచూపులు. కాబట్టి కల్లుకు మారడం మీకు వైద్యం కాదు.

తోటివాడు తాగి లేవకుండా పడిపోతే ఏం చేయాలో మీ బృందంలో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. వెల్లకిలా వదిలేయొద్దు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయేవాళ్లు ఎక్కువ. పక్కకు తిప్పి, పై మోకాలు మడిచి, తల కొంచెం వెనక్కి వంచి పడుకోబెట్టండి. నోట్లో మజ్జిగ, చింతపండు రసం పోయొద్దు, వేలు పెట్టి కక్కించొద్దు. గిల్లినా పలకకపోతే, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు మించితే, పెదాలు నీలంగా, ఒళ్లు చల్లగా అయితే 108. పడుకుంటే దిగిపోతుందిలే అనుకోవద్దు, చివరగా తాగింది ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది.

ఇక ఇంటి విషయం. మీ బిడ్డ పుస్తకాలు తీసుకుని పక్కింటికి వెళ్లడం చూసి మీకు బాధ కలిగింది, అందుకే రాశారు. ఆ పిల్ల చేస్తున్నది సరైన పని. దాన్ని ఆపకండి, దానికి ఇంకా వీలు కల్పించండి. పక్కింటివాళ్లతో పొద్దున పూట, తాగకముందు, మీరే వెళ్లి మాట్లాడండి, ‘మా పిల్ల వస్తే కూర్చోనివ్వండి, రాత్రయితే పడుకోనివ్వండి’ అని. పిల్లకు మానేస్తానని ఒట్టు వేయకండి. మీ జబ్బు స్వభావం ప్రకారం ఆ ఒట్టు తప్పే అవకాశం ఉంది, ప్రతి తప్పిన ఒట్టుతో ఆమెకు మీ మాట మీద నమ్మకం తగ్గుతుంది. దాని బదులు నిజం చెప్పండి, ‘నాన్నకు తాగుడు జబ్బుంది, దానికి డాక్టరు దగ్గరకు పోతున్నాను, ఇందులో నీ తప్పు లేదు, నీకు భయమేస్తే పక్కింటికి పో, నిన్నెవరూ తిట్టరు’ అని. పదకొండేళ్ల పిల్లలు తల్లిదండ్రుల తాగుడికి తామే కారణమనుకుంటారు, మార్కులు తక్కువ వచ్చినందుకు నాన్న తాగాడేమో అనుకుంటారు. ఆ బరువు మీరు ఒక్కమాటతో దించగలరు. ఆమెతో గ్లాసు, నీళ్లు, మిక్చరు తెప్పించుకోవద్దు.

తాగి వచ్చిన రాత్రి డబ్బు గురించి, చుట్టాల గురించి, అనుమానాల గురించి ఏ మాటా ఎత్తకూడదని ఇద్దరూ ముందే ఒప్పందం చేసుకోండి. ఏదున్నా మరుసటి రోజు. మీకు బయటి గదిలోనో వాకిట్లోనో మంచం వేసి, అన్నం, నీళ్లు మూతపెట్టి ఉంచితే చాలు, ఆమె లేచి వడ్డించాల్సిన పని లేదు. కిరాయి డబ్బు చేతికి రాగానే ఇంటి ఖర్చు, పిల్ల చదువు డబ్బు ముందు ఆమెకు ఇవ్వండి. మిగిలిన దానితోనే మీ సాయంత్రం.

చెయ్యి చేసుకుంటారో లేదో మీరు రాయలేదు. చేసుకుంటూ ఉంటే, అది మందు చేసిందని నేను ఒప్పుకోను. తాగినవాళ్లు దారిలో కనిపించిన పోలీసును కొట్టరు, ఇంటికొచ్చి భార్యను కొడతారు. అంటే ఎవరిని కొట్టొచ్చో మత్తులోనూ తెలుస్తోంది. దానికి తాగుడు చికిత్స ఒక్కటే సరిపోదు, ఆమెకు రక్షణ కావాలి. గృహహింస చట్టం, 2005 ఆమెకు ఆ ఇంట్లోనే ఉండే హక్కు ఇస్తుంది, తాగుబోతు భర్త కొడితే ఇల్లు వదలాల్సింది ఆమె కాదు. 181, 112 నంబర్లు ఆమె ఫోన్‌లో ఉండాలి. మీరు నిజంగా వాళ్లకు నష్టం తగ్గాలనుకుంటే ఆ నంబర్లు మీరే వేసి ఇవ్వండి.

మిర్చి పండే ఊళ్లో ప్రతి ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటుంది. తాగినప్పుడు ఒక క్షణం ఆవేశంలో అది తాగి వచ్చినవాళ్లను డాక్టర్లం ఎందర్నో చూస్తాం. చాలామంది గంట ముందు వరకు చావాలనుకోలేదు. మీకు అలాంటి ఆలోచన లేదనే అనుకుంటున్నాను. అయినా డబ్బాలు ఇంట్లో నుంచి తీసేసి, చేనుకాడ గుడిసెలో పెట్టెకు తాళం వేసి, చెవి ఇంకొకరి దగ్గర ఉంచండి. మందు మానిన మొదటి వారాల్లో మనసు బాగా కుంగుతుంది, అప్పుడు ఇది ఇంకా అవసరం.

మాత్రలతో జాగ్రత్త. పొద్దున తలనొప్పికి రోజూ పారాసెటమాల్ వేసుకుంటే ఇప్పటికే అలసిన కాలేయం మీద దెబ్బ. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలతో కడుపులో రక్తం కారవచ్చు. నిద్రమాత్రలు మందుతో కలిస్తే ఊపిరి ఆగుతుంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తినకుండా తాగితే షుగర్ పడిపోయి స్పృహ తప్పుతారు, చూసేవాళ్లు మత్తనుకుంటారు. టీబీ మందులు వాడుతుంటే డాక్టరుకు తాగుడు సంగతి చెప్పి తీరాలి. రక్తం కక్కినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా అదే రోజు దవాఖాన.

నష్టం తగ్గించుకుంటూ తాగితే ఏమీ కాదని మాత్రం అర్థం చేసుకోవద్దు. ఆల్కహాల్ క్యాన్సర్ కలిగించేదని 1988లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. ఇంత వరకు తాగితే క్షేమం అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. మీ వయసుకు, మీరు తాగేదానికి చివరికి పూర్తిగా మానడమే మంచిది. కాలేయం కొంతవరకు కోలుకునే అవయవం, ఇప్పుడు ఆపితే చాలా తిరిగి వస్తుంది. నేను చెప్పినవన్నీ అక్కడికి చేరేదాకా మీరూ, మీ జీపులో కూర్చున్నవాళ్లూ, మీ ఇంట్లోవాళ్లూ బతికి ఉండడానికి.

దవాఖానకు వెళ్లేలోపు మూడు నాలుగు రోజులు ఒక నోటుబుక్కులో రాయండి. ఏ టైముకు, ఎంత, ఏది తాగారు, పొద్దున వణుకు ఎన్నింటికి మొదలైంది, ఏం తిన్నారు. చదివినవారు ఎవరూ తిట్టరు, ఆ లెక్కతోనే డాక్టరు మాత్రల మోతాదు వేస్తారు. తోడుగా ఒకరిని తీసుకెళ్లండి, బండి మీద మీరే నడుపుకుంటూ వెళ్లొద్దు. చికిత్స తర్వాత మళ్లీ తాగితే, చాలామంది తాగుతారు, అప్పుడు సిగ్గుతో దవాఖాన మొహం చాటేయకండి. ఎన్ని రోజులు మానారు, ఏ రోజు ఏ కారణంతో మళ్లీ ముట్టుకున్నారు, ఎంత తాగారు అన్నది అదే నోటుబుక్కులో రాసుకుని అదే డాక్టరు దగ్గరకు వెళ్లండి. మళ్లీ రోజూ తాగడం మొదలై ఉంటే అప్పుడూ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. మాత్ర మార్చాలా, మోతాదు మార్చాలా, మళ్లీ చేర్చుకోవాలా అన్నది ఆయన చూసుకుంటారు.